అందరూ విరామం నొక్కిన రోజు

మ్యూట్ సారు మా కోడలి చేత క్షమాపణ చెప్పించుకుంటున్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను.

ఆ పేరు ఉద్యోగులు పెట్టిందే. కంప్యూటర్‌లో మీటింగ్ మొదలవగానే అందరి గొంతులూ ఆపేసి తానొక్కడే గంటసేపు మాట్లాడతాడట. ఆ రోజు ఆయనగారి ఉపన్యాసం కుటుంబం గురించి. కంపెనీయే మనందరి కుటుంబమట. అంతలో నాలుగేళ్ళ మనవరాలు నా చేతి కింద నుంచి దూరిపోయి, సగం వేసిన జడతో వాళ్ళమ్మ ఒళ్ళోకెక్కింది. ఉపన్యాసం ఆగింది. కోడలి ఒక్కదాని గొంతు తెరిచాడు.

"ఇది ఆఫీసా, పిల్లల బడా? అందరికీ సారీ చెప్పండి మేడమ్. గట్టిగా."

కోడలు చెప్పింది. కంపెనీ చేసిన తప్పులకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లో తిడుతుంటే, క్షమించమని అడగడమే ఆమె ఉద్యోగం. కనుక మాట తడబడలేదు. చెవులు మాత్రం కందిపోయాయి.

ఆ వెంటనే సారు ఉత్తర్వు చదివాడు. ఇంటి నుంచి పని ఇక చెల్లదు. వచ్చే నెల నుంచి అందరూ హెడ్డాఫీసుకు రావాలి. అది రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊరు. రానివాళ్ళు ఇష్టపూర్వకంగా రాజీనామా చేసినట్టే లెక్క. మెడ పట్టి గెంటి, తనంతట తానే పోయాడని చెప్పడానికి ఎంత చదువు చదవాలో.

మా అబ్బాయి ఓడల మీద వంటవాడు. ఏడాదికోసారి వస్తాడు. పిల్ల అతణ్ణి చూసి నా చీర వెనక దాక్కుంటుంది. చేరికయ్యేసరికి మళ్ళీ పెట్టె సర్దుతాడు. ఇప్పుడు తల్లి కూడా పెట్టె సర్దితే ఆ పసిది గుమ్మంలో కూర్చుని ఎవరికోసం ఎదురుచూడాలి?

ఆదివారం ఆమెతో పనిచేసేవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఈ ఊళ్ళో పాతికమంది ఉన్నారు. మూడేళ్ళుగా కలిసి పనిచేస్తున్నా ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు.

"నువ్వింత పొడుగా? తెర మీద అందరం గుప్పెడేసి ఉంటాం" అని నవ్వుకున్నారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నాకు ఆఫీసే కావాలి" అన్నాడు, అందరూ హాస్టల్ అని పిలిచే అబ్బాయి. "మా గదిలో ఆరుగురం. బాత్‌రూమ్‌లో బకెట్ బోర్లించుకుని కూర్చుని కాల్స్ మాట్లాడతా. మీకేం, ఫ్యాన్ కింద రాజ్యం."

"రాజ్యమా? మంచాన పడ్డ మా నాన్న పక్కన కూర్చుంటాను. కాల్ మధ్యలో ఆయన్ని ఒత్తిగిలించాలి" అంది కళ్ళజోడావిడ. "నీలాంటివాళ్ళు ఆఫీసు ఆఫీసు అనబట్టే వాడికి లోకువయ్యాం."

"మీలాంటివాళ్ళు ఇల్లు ఇల్లు అనబట్టే ఈ ఊళ్ళో ఆఫీసే తెరవలేదు."

ఇలా వీళ్ళూ వీళ్ళూ కుమ్ములాడుకుంటే సారు పని వీళ్ళే చేసిపెట్టినట్టు, ఆయనకు వేరే జీతం ఎందుకు?

"ఆగండి" అంది కోడలు. "పోయిన నెల కంప్యూటర్ మార్పించుకోవడానికి హెడ్డాఫీసుకు వెళ్ళొచ్చాను. రెండంతస్తుల్లో ఒకటి అద్దెకిచ్చేశారు. అందరం వెళ్తే సగం మంది నిలబడాలి."

"మరి రమ్మనడం దేనికి?"

"సగం మంది రాలేరని తెలిసే. తను తీసేస్తే పరిహారం ఇవ్వాలి. మనమే మానేస్తే ఓ దండం చాలు."

హాస్టల్ కోడలి వైపు తిరిగాడు. "అంటే కుర్చీ నాకూ లేదన్నమాట."

ఆ తర్వాత కూడా చాలాసేపు పోట్లాడుకున్నారు. చివరికి తేలింది ఇదీ: ఇల్లు కావాలన్నవాళ్ళకు ఇల్లు, ఆఫీసు కావాలన్నవాళ్ళకు ఈ ఊళ్ళోనే ఆఫీసు. ఎంచుకునేది పనిచేసేవాళ్ళు. ఒక్కర్నీ తీయకూడదు. అదే సారుకు రాసి పంపారు. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలన్నాడు. కింద మళ్ళీ అదే ఉత్తర్వు అతికించాడు.

మర్నాడు అందరూ కంప్యూటర్లు చంకన పెట్టుకుని మా ఇంటికే వచ్చారు. వాళ్ళ తెర మీద ఒక్కొక్కరి పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. "సిద్ధం" నొక్కితే పచ్చబడి కాల్ వస్తుంది. "విరామం" నొక్కితే ఎర్రబడుతుంది, కాల్ రాదు. మంచినీళ్ళు తాగాలన్నా విరామం నొక్కాలి. అది కూడా వంతులవారీగా, ఒకరి తర్వాత ఒకరు. ఆ పొద్దున వంతులు లేవు. పాతికమందీ ఒక్కసారే నొక్కారు.

కోడలి ఫోన్ మోగింది. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి చాప మీద ఉంచింది.

"చూడు తల్లీ" అన్నాడు మ్యూట్ సారు. మొన్న పిల్లల బడి అన్న నోటికి ఎక్కడలేని తేనె వచ్చింది. "చిన్నపిల్ల తల్లివి, నీ కష్టం నాకు తెలీదా? నీ ఒక్కదానికి ఇంటి నుంచే పని. రాసిస్తాను. సిద్ధం నొక్కు చాలు. వాళ్ళ గొడవ నీకెందుకు?"

ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఎవరి తెర వాళ్ళు చూసుకుంటున్నారు. నేను మాత్రం ఆగలేకపోయాను. వెనక నుంచి ఆమె భుజం నొక్కాను. ఒప్పుకో తల్లీ, పిల్లను వదిలిపోకు. ఆమె నా చేతిని భుజం మీంచి తీసి తన చేతిలో ఉంచుకుంది.

"మా వాళ్ళందరికీ రాసివ్వండి సార్."

"ఉద్యోగం పోతుంది."

"తీసేయండి. కానీ మీరే తీసేశారని రాయండి. నేను మానేశానని రాయకండి."

ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి ఆమె తెర నల్లబడింది. మిగతావాళ్ళ తెరల మీద ఆమె పేరు మాయమైంది. ఆమె నా చేయి వదల్లేదు. ఒక్క చుక్కా పచ్చబడలేదు.

ఇంతలో హాస్టల్ ఫోన్ మోగింది. ఎవరూ చెప్పకుండానే స్పీకర్ పెట్టి కోడలి ఫోన్ పక్కన ఉంచాడు.

"బాబూ, నీకు కిటికీ పక్కన కుర్చీ చూశాను..."

"ముందు మా అక్క పేరు ఎక్కించండి సార్. కుర్చీ సంగతి తర్వాత."

సారు తన కింది అధికార్లను కూడా పురమాయించినట్టున్నాడు. కళ్ళజోడావిడ ఫోన్ మోగింది. దాని వెనకే ఇంకొకరిది, ఇంకొకరిది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బేరం, సంత ముగిసేవేళ వాడిన కూరలు అంటగట్టేవాడి బేరం. మోగిన ఫోనల్లా చాప మీదికే వచ్చింది.

చాప నిండిపోయింది. నేను లోపలికి వెళ్ళి ఇంకో చాప తెచ్చి పరిచాను.