తొమ్మిదో తరగతి కిటికీ కింద

రాత్రి డ్యూటీ దిగిన జంగయ్య ఇంటికి పోలేదు. రోజూలాగే జిన్నారం రోడ్డు మీద కొడుకు కోసం ఆగి, వాడి వెనకే బడిదాకా నడిచాడు. నర్సింగ్ తొమ్మిదో తరగతి గదిలోకి పోయాక, పనిలో పెట్టుకునే పసుపు హెల్మెట్ కిటికీ చువ్వకు తగిలించి, కింద గోడకు వీపు ఆనించి కూలబడ్డాడు. మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లించీ దొర్లించీ అరచేతుల తోలు పెచ్చులుగా లేచింది. దగ్గు లోపలికి వినబడుతుందని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

మూతబడ్డ కంపెనీలో రాగితీగ దొంగిలిస్తూ దొరికిపోయి, నర్సింగ్ కొన్నాళ్లు బాలనేరస్తుల హోంలో ఉండి వచ్చాడు. బడిలో మళ్లీ చేర్చుకున్నారు గానీ పక్కన ఎవరూ కూర్చోలేదు. మొదటి వారంలోనే గోడ దూకి పాత దోస్తుల దగ్గరికి పోయాడు. తండ్రి కొట్టినా ఆగలేదు, కాళ్లు పట్టుకున్నా ఆగలేదు. తల్లి పోశమ్మ పొద్దున్నే రుద్రారం హాస్టల్లో ఊడ్చే పనికి పోతుంది. ఇక జంగయ్యకు వేరే దారి తోచలేదు. వచ్చి ఇక్కడ కూర్చోవడం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరు వద్దంటే, లెక్కల టీచర్ శ్రీదివ్య "ఉండనీయండి సార్" అంది.

ఆ పొద్దు క్లాసులో మల్లేష్ అనే పిల్లాడి చేతి వాచీ కనబడలేదు. ఎవరూ పేరు తీయలేదు గానీ తలలన్నీ నర్సింగ్ వైపు తిరిగాయి. వాడు సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశాడు.

"యాడికిరా?"

"నాతోని కాదు నాయినా. ఎన్నొద్దులొచ్చినా వీళ్లకు నేను దొంగనే."

"తీసినవా?"

"లేదు."

"మల్ల పోయి కూసో. ఇప్పుడు పోతే తీసినోనివే అయితవు." ఊపిరి అందక ఆగాడు. "నేనిక్కడ్నే ఉన్న కదా."

నర్సింగ్ గడపలో చాలాసేపు నిలబడి, లోపలికి పోయాడు. కాసేపటికి వాచీ నల్లా గట్టు మీద దొరికింది. చేతులు కడుక్కుంటూ మల్లేషే విప్పి పెట్టి మరిచిపోయాడు. శ్రీదివ్య క్లాసంతా వినేలా, "నర్సింగ్, తప్పు మాది" అంది.

ఆ మాట నాయిన చెవిన పడిందో లేదోనని వాడు కిటికీలోంచి వంగి చూశాడు. జంగయ్య తల మోకాళ్ల మీద వాలి ఉంది. రాత్రంతా నిద్ర లేదు, పడుకోనీ అనుకున్నాడు. మధ్యాహ్నం పళ్లెంలో అన్నం పెట్టించుకుని పోయి భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా తగిలింది.

దినాలయ్యాక నర్సింగ్ బడికి వచ్చాడు. గదిలోకి పోకుండా తండ్రి కూర్చున్న చోటే కూర్చున్నాడు. శ్రీదివ్య లోపలికి రమ్మనలేదు. చాక్‌పీసు చేతిలో పట్టుకునే వచ్చి, పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ మాట నాయిన ఇన్నడా టీచర్?"

ఆమెకు తెలియదు.

గంట కొట్టాక వాడు లేచి, ఆమె వెనకే లోపలికి పోయాడు. కిటికీ చువ్వకు జంగయ్య తగిలించిన పసుపు హెల్మెట్ అక్కడే వేలాడుతోంది. దాని లోపలి పట్టీ మీద చెమట ఎండి, తెల్లటి చారలు కట్టింది.