ఎవరికీ కీడు లేని గోనె

మాచర్ల గోనెల షెడ్డులో ఆ మధ్యాహ్నం ఒక్క సూదీ ఆడటం లేదు. చిరిగిన సిమెంటు గోనెల్ని దులిపి, మాసికలు వేసి మళ్లీ ఫ్యాక్టరీకి పంపే పని అక్కడ. పన్నెండు మంది ఆడవాళ్లు దాని మీదే బతుకుతున్నారు. వచ్చే నెల నుంచి ప్లాస్టిక్ సంచులే వాడతామని ఫ్యాక్టరీవాళ్లు కబురంపారు. గోనెల వ్యాపారి శివయ్య గోనెలే వాడాలని అర్జీ రాయించుకొచ్చి, సిరా డబ్బా మూత తీసి కూర్చున్నాడు.

"గోనె నారతో చేసింది, మట్టిలో కలిసిపోతది. మాసికేస్తే నాలుగుసార్లు పనికొస్తది. ప్లాస్టిక్కో? కిరసనాయిలు తీసే నూనెలోంచే దాన్నీ తీస్తారంట. చిరిగితే తగలబెడతారు. ఆ పొగంతా పైకిపోయి ఎండలు ముదురుతున్నయ్యని పేపర్లో పడింది. గోనె వల్ల ఎవురికీ ఏ కీడూ లేదు. ఇదే రాయించా. పెద్దదానివి, ముందు నువ్వు వేలిముద్రెయ్యి ఖాతూన్ బీ."

ఖాతూన్ బీ ఆ పొద్దున్నే మొగుణ్ణి గుంటూరు పెద్దాసుపత్రి నుంచి తీసుకొచ్చింది. మౌలాలీ ఇరవయ్యేళ్లు ఆ ఫ్యాక్టరీలో బస్తాలు మోసిన హమాలీ. రెండేళ్లుగా దగ్గు. పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకుని కూర్చునే తెల్లవారుస్తాడు. బీడీల వల్లేనని ఆమె అతన్ని తిట్టని రోజు లేదు. ఒకసారి కట్ట లాక్కుని పొయ్యిలో పడేసింది కూడా. పాపం, ఆ మనిషి కిక్కురుమనలేదు. నిన్న డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా సిమెంటు దుమ్మేనమ్మా, దీనికి మందు లేదన్నాడు.

గోనె కుట్లలోంచి కారిన దుమ్ము ఇరవయ్యేళ్లూ అతని మొహాన పడింది. అది చాలదన్నట్టు, గోనెలు దులిపితే రాలిన సిమెంటు కుట్టేవాళ్లకే చెందడం షెడ్డు ఆనవాయితీ. ఖాతూన్ బీ దాన్ని మూటగట్టి ఇంటికి తీసుకెళ్లి, మొగుడి మంచం పక్కనే జల్లెడ పట్టేది. దాంతోనే ఇంట్లో గచ్చు చేసుకుంది. వాడలో గచ్చున్న ఇల్లు తనదొక్కటేనని ఎంత మురిసిపోయిందో పిచ్చిది!

"మీరు రాసిందంతా నిజమే అయ్యుండొచ్చు సేటూ. నేల సంగతి రాశారు, ఎండల సంగతి రాశారు. మోసేవోడి సంగతేదీ?"

"ఇప్పుడదెందుకే! ప్లాస్టిక్‌లోంచి దుమ్ము కారదని ఫ్యాక్టరీవాళ్లు అననే అంటున్నారు. మనమే సందిచ్చినట్టవుద్ది."

"నిజంగా కారదా?"

శివయ్య కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు.

పక్కనున్న మాణిక్యమ్మ మొగుడు అంకారావూ ఆ ఫ్యాక్టరీలో హమాలీయే. ఆమె ఖాతూన్ బీ చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీకు దణ్ణం పెడతా. షెడ్డు మూస్తే నా పిల్లలేం తినాల?"

ఖాతూన్ బీకి ఏడుపు తన్నుకొచ్చింది. రేపటి నుంచి మౌలాలీని కూర్చోబెట్టి సాకాల్సింది కూడా ఈ సూదే కదా!

"ఎవురికీ కీడు లేదన్న ముక్క కొట్టెయ్యండి. మా ఆయన పేరు రాయండి. అప్పుడేస్తా."

"అది కుదరదు."

"అయితే నేనెయ్యను."

శివయ్య విసుక్కుని డబ్బాను మాణిక్యమ్మ ముందుకు నెట్టాడు. ఆమె తల వంచుకుని బొటనవేలు సిరాలో అద్దింది. ఖాతూన్ బీకి ఆమె మీద కోపం రాలేదు.

"మీ అంకారావుకి దగ్గెట్టా ఉందే?" అని మాత్రం అడిగింది.

కాగితం దాకా వెళ్లిన మాణిక్యమ్మ వేలు అక్కడే ఆగిపోయింది.