మందు దిగేదాకా

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. ఒత్తులు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడతాయి. ఒక పేజీ నిండేసరికి పూట గడిచిపోతుంది. "నేను" అని రాయబోతే సిగ్గేసి కలం కదల్లేదు. అందుకని నాగేంద్రమ్మ అనే వేరే మనిషి సంగతిలా రాస్తున్నాను.

పెడనలో అద్దకం పనిచేసే పున్నారావుకి నొప్పి అంటే మహా భయం. వేలికి పేడు గుచ్చుకుంటే చాలు, ఇల్లు పీకి పందిరి వేసేవాడు. నాగేంద్రమ్మ అతనికి మేనమామ కూతురు, పెళ్ళాం కూడా. చిన్నప్పటి నుంచి ఆ అరుపులు విన్నదే కాబట్టి, "ఊరుకో బావా, ప్రాణాలేం పోవులే" అంటూ సూదితో పేడు తీసేది.

అలాంటివాడికి పెద్ద దెబ్బే తగిలింది. కాలువలో అద్దకం గుడ్డలు జాడిస్తూ పట్టు కోసం రేవు రాతి మీద ఎడమ చెయ్యి ఆనించాడు. అటుగా వచ్చిన ధాన్యం పడవ ఆ రాయికి ఒరుసుకుంది. చిటికెన వేలూ ఉంగరం వేలూ నలిగిపోయాయి. సాయంత్రం రైల్లో బందరు ఆస్పత్రికి తీసుకువెళ్తుంటే, అతని కేకలకి పెట్టెలో ఉన్నవాళ్ళందరూ లేచి చోటిచ్చారు.

ఆస్పత్రిలో కంపౌండరు దానియేలు కట్టు కట్టి మార్ఫియా సూది వేశాడు. కాసేపటికి కేకలు ఆగాయి. తెల్లవారాక మళ్ళీ ఒక సూది పడింది. పున్నారావు పైకప్పుకేసి చూస్తూ హాయిగా పడుకున్నాడు. నాగేంద్రమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

డాక్టరు సూర్యప్రకాశరావు గారు వచ్చి కట్టు విప్పించారు. రెండు వేళ్ళూ నల్లగా కమిలి ఉన్నాయి. వాటి కొసల్లో సూదితో గుచ్చి అడిగారు.

"బాధగా ఉందా?"

"లేదండి."

గట్టిగా నొక్కారు. "ఇప్పుడు?"

"బాధేం లేదండి."

డాక్టరు గారి మొహం వాడిపోయింది. నాగేంద్రమ్మని పక్కకి పిలిచారు. "చూడమ్మా, ఈ వేళ్ళకి ప్రాణం పోయినట్టుంది. ఉంచితే విషం చేతిలోకి పాకుతుంది. ఈ రోజే తీసెయ్యాలి" అని చెప్పి పక్క వార్డుకి వెళ్ళారు.

ఆ చెయ్యి అద్దకపు చెక్క అచ్చు పట్టుకునే చెయ్యి. అచ్చు ఒక్క పిసరు కదిలినా గుడ్డంతా పాడవుతుంది. ఆమె మంచం పక్కన కూలబడి బావురుమంది.

"వేళ్ళు తీసేస్తారట బావా!"

"తీసెయ్యనీ" అన్నాడు పున్నారావు.

"తీసెయ్యనీ ఏమిటి? అచ్చు ఎలా పట్టుకుంటావ్?"

"అదీ నిజమే" అన్నాడు, ఎవరి సంగతో మాట్లాడుతున్నట్టు. ఆమె కళ్ళనీళ్ళు అతను చూశాడు. చూసి మళ్ళీ కప్పుకేసి తిరిగాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నిన్న రైలంతా అదిరిపోయేలా అరిచావు కదయ్యా! ఇవాళ అంత సూది దిగేస్తే తెలియనే లేదా?"

"తెలియకేం? బ్రహ్మాండమైన నొప్పి."

"మరి లేదన్నావేం?"

"నొప్పి ఉందా అని ఎవరడిగారు? బాధగా ఉందా అన్నారు. నొప్పి ఉంది. బాధ లేదు. కరక్కాయ పట్టించని గుడ్డ మీద నలుపు అచ్చు కొట్టినట్టుందే నాగేంద్రం. అచ్చు పడుతోంది, రంగు పట్టడం లేదు."

ఆమె పైట సర్దుకుంటూ పక్క వార్డుకి పరిగెత్తింది. ఎవరేమనుకుంటారోనని కూడా చూడలేదు. విన్నది విన్నట్టు చెప్పింది. డాక్టరు గారు నవ్వేశారు.

"ఆ మందు గుణం అదేనమ్మా. నొప్పిని ఆపదు. నొప్పి వస్తూనే ఉంటుంది, మనసు దాన్ని పట్టించుకోదు. అది తెలిసి కూడా నేను ఆ మాటే అడిగానే!" అంటూ తిరిగి వచ్చారు. పున్నారావుని కళ్ళు మూసుకోమని, ఏ వేలు గుచ్చారో చెప్పమన్నారు. ఒకటి సరిగ్గా చెప్పాడు, ఒకటి తప్పాడు. మూడోసారి "ఏదైతేనేం లెండి" అన్నాడు.

"ఈ మాట నమ్మి కొయ్యనూ లేను, వదిలెయ్యనూ లేను. మధ్యాహ్నానికి మందు దిగిపోతుంది. అప్పుడు చూస్తాను. అందాకా సూది వెయ్యకు, దానియేలూ."

ఆ పూట నాగేంద్రమ్మ చేసిన పని ఇంకే ఇల్లాలూ చేసి ఉండదు. మొగుడికి నొప్పి ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. కనుబొమ ముడిపడితే ఆశ పడింది. నిద్రలోకి జారుకుంటే గుండె జారిపోయింది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి పున్నారావు పళ్ళు కొరికాడు. "అబ్బా" అన్నాడు. ఇంకాసేపటికి "ఓరి నాయనోయ్!" అన్నాడు. ఆమె ఏడుస్తూనే నవ్వేసింది.

"మొగుడు చస్తుంటే నవ్వొస్తోందటే నీకు?"

"అరువు బావా, బాగా అరువు!"

డాక్టరు గారు వచ్చి ఉంగరం వేలు ముట్టుకున్నారు. కెవ్వుమన్నాడు. చిటికెన వేలి కొస గుచ్చారు. ఈసారి ఆయన్నే తిట్టాడు. డాక్టరు గారు చెయ్యి తుడుచుకుంటూ, "రెండూ బతికే ఉన్నాయి. కొయ్యక్కర్లేదు. అతనికిక మందు వెయ్యవోయ్" అన్నారు.

దానియేలు సూది పట్టుకుని వచ్చాడు. పున్నారావు ఒళ్ళంతా చెమట. అయినా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త ఆగవయ్యా. ఇది నిన్నటి నుంచి అన్నం తిన్నదో లేదో కనుక్కోనీ. నాగేంద్రం, తిన్నావా?"

"నా తిండికేం తొందర? ముందు సూది వేయించుకో."

"వేయించుకుంటే నువ్వు తిన్నా తినకపోయినా నాకు పట్టదే. పొద్దున నువ్వు ఏడుస్తుంటే చూస్తూ పడుకున్నాను, గోడని చూసినట్టు. అదేం బాగాలేదు. బజారుకెళ్ళి రెండు ముద్దలు తినిరా. నువ్వొచ్చాకే సూది."

"అందాకా ఓర్చుకోగలవా?"

"ఓర్చుకోలేను. అరుస్తాను. నువ్వు మాత్రం నిదానంగా తిను."

నాగేంద్రమ్మ వీధి చివరి పూటకూళ్ళ ఇంట్లో విస్తరి ముందు కూర్చుంది. ఆస్పత్రి కేక అంత దూరానికీ వినిపిస్తూనే ఉంది. వడ్డించే ఆవిడ జాలిపడి, "ఎవరోనమ్మా, పాపం" అంది.

"మా ఆయనేనండీ" అని నాగేంద్రమ్మ మారు అన్నం అడిగి వేయించుకుంది.

నాగేంద్రమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు గుడివాడలో మా రెండో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను.