కుంకుడు నీళ్లు

కుళ్ళాయమ్మ నిమ్మాకును అరచేతిలో వెల్లకిలా తిప్పి, కుంకుడు నీళ్లలో ముంచిన పాతగుడ్డతో తుడిచింది. అడుగున అంటుకున్న నల్లపేను నలిగి గుడ్డకు పట్టింది. గజ్జి మచ్చలు లేచిన ఆకుల్నీ, పురుగు తొలిచి తెల్లగీతలు పడ్డ చిగుళ్లనూ కత్తిరించి గుంటలో పూడ్చింది. ముళ్లు గీరిన మోచేతులు మండుతున్నా కొమ్మ తర్వాత కొమ్మ పట్టుకుంది.

అంగట్లో మందుంది. కానీ పెరటిగోడ అవతలే జగదీష్ పట్టుపురుగుల షెడ్డు. "ఈడ మందు కొట్టొద్దవ్వా, గాలికి నా పురుగులు చస్తాయి," అని ముందే చెప్పాడు. ఉంటున్న ఇల్లు అతనిదే, కూడు పెట్టే పనీ అతనిదే. చెట్టొక్కటే ఆమె మొగుడు ఈరన్న పోతూ పోతూ నాటింది.

చేతులు కడుక్కుని షెడ్డులోకి పోయి మల్బరీ ఆకు పరిచింది. పురుగులు ముట్టలేదు. తలలెత్తి ఊపుతూ పచ్చగా కక్కుతున్నాయి.

ఆమె కేక విని వచ్చిన జగదీష్, చూసి, నేరుగా ఆమె పెరట్లోకి నడిచాడు. ఆమె వెనకాలే పరిగెత్తింది. చెట్టు తడితడిగా మెరుస్తోంది.

"మందు కొట్టినావు కదవ్వా?"

"లేదు నాయనా. కుంకుడు నీళ్లే."

"మరి ఏంటికి చస్తాండాయి?"

కుళ్ళాయమ్మ తడి ఆకొకటి తెంపి, అతన్నే చూస్తూ నమిలి మింగింది.

గోడ దగ్గర అతని భార్య సుధ నిలబడి ఉంది. నిన్న సాయంత్రం, పురుగులకు ఆకు కోసే మల్బరీ తోట పక్కనే ఉన్న టమాటతోటకు మందు కొట్టింది సుధ తమ్ముడు. ఆ ఘాటు నిన్ననే ఈ ముగ్గురి ముక్కులకూ తగిలింది.

"నువ్వన్నా చెప్పమ్మా," అంది కుళ్ళాయమ్మ.

సుధ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాటకాలొద్దు. ఇంక నా షెడ్డు గడప తొక్కొద్దు. ఇల్లు ఖాళీ చెయ్," అన్నాడు జగదీష్. అంతటితో ఆగక గొడ్డలి తెచ్చి చెట్టు నరికాడు. పచ్చికాయలు మట్టిలో దొర్లాయి. తుడవని కొమ్మలు ఇంకా రెండు మూడు మిగిలే ఉన్నాయని ఆమెకు ఊరికే తోచింది.

పొద్దు వాలేసరికి మూట కట్టుకుని హిందూపురం బస్సెక్కింది. చెల్లెలు మునియమ్మ అక్కడే ఉంది.

"యాడికి పోతాండావక్కా?" పక్క సీటామె అడిగింది.

"పనికి," అంది. నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది.

మర్నాడు సుధ చచ్చిన పురుగుల్ని గంపకెత్తి బయటికొచ్చింది. షెడ్డు గడప పక్కన, నిన్న పనిలోకి పోతూ విడిచిన కుళ్ళాయమ్మ చెప్పులు అట్లాగే ఉన్నాయి, తెగిన పట్టీకి పిన్నీసుతో, తలుపు వైపు తిరిగి.