చిల్లు పడకముందు

మా ఊళ్లో మనుషులు విడాకుల సంగతి అడిగితే నిజం చెబుతారు. తాగుడు సంగతి అడిగినా చెబుతారు. మంచు మీద జారే స్కీల సంగతి అడిగితే మాత్రం నోరు తెరిస్తే అబద్ధమే. ఒంటి బరువు తగ్గించి చెబుతారు, ధైర్యం పెంచి చెబుతారు, ఎప్పుడో కుర్రతనంలో దూకిన కొండకొమ్ము మొన్ననే దూకినట్టు చెబుతారు. నా మొగుడు థాడ్ స్కీలు తయారుచేస్తాడు. కూర్చుని ఈ అబద్ధాలన్నీ వినే ఉద్యోగం నాది.

మాకు దుకాణం లేదు, ఏ దుకాణానికీ మా సరుకు ఇవ్వం. ఇంటి వెనక షెడ్డు, అందులో స్కీల పొరలు అతికించే ప్రెస్సు ఒకటి, మేమిద్దరం. కావలసినవాళ్లు ఫోన్ చేస్తారు, లేదంటే మంచు తొక్కుకుంటూ వచ్చి తలుపు కొడతారు. బరువెంత, బూటు ఎంత, ఎలాంటి మంచు మీద తిరుగుతావు, ఇలాంటి ప్రశ్నలు నేను అడుగుతాను. ఆఖరి ప్రశ్న మాత్రం థాడ్‌ది.

"ఆఖరిసారి ఎక్కడ భయపడ్డావు?"

నూటికి తొంభై మంది నవ్వేస్తారు. "భయమా? నాకా?" అంటారు. థాడ్ మాత్రం వాళ్లు చెప్పేదాకా ఎదురుచూస్తాడు. ఆ జవాబును బట్టే స్కీ ఎంత బిరుసుగా ఉండాలో తేలుస్తాడు. బిరుసు స్కీ వేగంలో కదలకుండా నిలబడుతుంది, కానీ దాన్ని వంచడానికి కాలిలో బలం ఉండాలి. బలం లేని కాలికి అది తగిలిందా, మనిషి స్కీని నడపడం పోయి స్కీ మనిషిని లాక్కుపోతుంది.

బ్రిన్ ఆ వారంలో మా షెడ్డుకి రావడం అది మూడోసారి. ఈసారి వాళ్ల నాన్న ఆర్లోని వెంటబెట్టుకొచ్చింది. అక్కడే నాకు ఒళ్లు మండింది.

బ్రిన్ మా కొండ మీద రక్షక దళంలో పనిచేసేది. ఎవరికైనా దెబ్బ తగిలితే చక్రాల్లేని స్లెడ్జిబండిలో పడుకోబెట్టి కిందికి దింపే దళం అది. ముందు నిలబడి రెండు పిడులు పట్టుకుని, వెనక మనిషి బరువుని మోసుకుంటూ స్కీల మీద దిగాలి. కిందటి ఫిబ్రవరిలో చిమ్నీ అనే ఇరుకు వాలులో దింపుతూ పడిపోయింది. స్లెడ్జి ఆమె మీదకెక్కింది. మోకాలు పోయింది, స్కీ రెండు ముక్కలైంది. ఆపరేషన్, చేతికర్ర, ఎండాకాలమంతా ఇంట్లోనే. డాక్టరు మొన్ననే సరే అన్నాడు, మెల్లగా అన్న మాట కూడా చేర్చి.

రేపు పొద్దున పరీక్ష. దళంలో ఉండాలనుకున్నవాళ్లు ఏటా మనిషితో నిండిన స్లెడ్జిని చిమ్నీలో దింపి చూపించాలి. తప్పితే ఆ శీతాకాలానికి మళ్లీ అవకాశం లేదు. దళం పెద్ద గిల్ ముందే చెప్పేశాడట, టిక్కెట్ల కిటికీ దగ్గర కుర్చీ ఒకటి ఖాళీగా ఉందని. నడక వచ్చిన దగ్గర్నుంచి ఆ కొండే లోకంగా పెరిగిన పిల్లకి ఆ కుర్చీ చూపించడం కంటే ఊరు వదిలి పొమ్మనడం నయం.

గోడకి థాడ్ ముందే చేసి ఉంచిన రెండు జతలు ఆనించి ఉన్నాయి, బ్రిన్ ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఒకటి పొడుగ్గా, లోపల రెండు లోహపు రేకులతో, బండ బిరుసు. రెండోది కాస్త పొట్టి, ఉత్త చెక్క, మెత్తన. ఆర్లో నేరుగా పొడుగు జత దగ్గరికెళ్లి వేలితో కొట్టి చూశాడు.

"ఇదీ స్కీ అంటే! దళంలో ముప్ఫయ్యేళ్లు ఇలాంటివాటి మీదే దింపాను నేను. రెండోది ఎవడి పిల్లల కోసం చేశావురా థాడ్?"

"నీ పిల్ల కోసమే," అన్నాను నేను.

"నా పిల్ల సంగతి నాకు తెలీదా వెర్నా? అది నా రక్తం. దానికి మెత్తనివి ఇస్తే దళంలో నవ్విపోతారు."

బ్రిన్ తన బూటు కొలతకి ఇచ్చింది. బరువు అడిగితే దెబ్బకి ముందు ఎంతో అంతే చెప్పింది. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది, నాకు కళ్లు లేవనుకుందో ఏమో!

థాడ్ ఆఖరి ప్రశ్న అడిగాడు. బ్రిన్ వాళ్ల నాన్న వైపు చూసింది.

"ఎక్కడా లేదు," అంది.

"చూశావా!" అన్నాడు ఆర్లో.

థాడ్ పొడుగు జతని బల్ల మీద బిగించాడు. బూటుని పట్టి ఉంచే బైండింగు ఎక్కడ కూర్చోవాలో పెన్సిలుతో గీశాడు. డ్రిల్లు చేతికి తీసుకున్నాడు. మా దగ్గర ఒకటే షరతు. చిల్లు పడకముందు ఎప్పుడైనా వెనక్కి ఇవ్వచ్చు, ఒక్క చిల్లు పడ్డాక అది నీదే. ఇక్కడ అసలు సంగతి డబ్బు కూడా కాదు. రేపు పొద్దున ఆ పిల్ల ఏ స్కీల మీద నిలబడుతుందో ఈ చిల్లు తేల్చేస్తుంది. మొన కొయ్యకి ఆనింది.

థాడ్ మీట నొక్కలేదు. డ్రిల్లు పక్కన పెట్టేశాడు.

"ఒకసారి చూస్తే గానీ చిల్లు పొడవను. ఇలాంటిదే అరువు జత ఉంది. మన వెనక వాలులో దిగి చూపించు. స్లెడ్జితో."

షెడ్డులో దళంవాళ్లు పారేసిన పాత స్లెడ్జి ఒకటి ఉంది. అందులో ఎవరు పడుకుంటారు అని నేననేలోపే ఆర్లో కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"నేను పడుకుంటా. నా కూతురు దింపుతుంటే నాకేం?"

"నాన్నా, వద్దు," అంది బ్రిన్.

"ఏం, బరువైపోయానా?"

ఆ మాటకి ఆమె నవ్వలేదు. నేను అప్పుడే అడ్డుపడాల్సింది. అడ్డుపడితే ఆగే మనుషులు కారు ఆ ఇంట్లో ఎవరూ.

మా షెడ్డు వెనక వాలు చూడ్డానికి చిన్నదే, నడుమ మాత్రం గోడలా నిలబడుతుంది. రెండు వైపులా ఆస్పెన్ చెట్లు, అడుగున వాగు. నవంబరు వాగు ఇంకా గడ్డకట్టలేదు, రాళ్ల మధ్య నల్లగా పారుతోంది. థాడ్ మా మోటారు మంచుబండితో వాళ్లని పైకి లాక్కెళ్లాడు. నేను వాగు ఒడ్డున నించున్నాను. పైన ఆర్లోని పడుకోబెట్టి పట్టీలు బిగించడం కనిపించింది. అలా కట్టేశాక మనిషికి ఆకాశం, ముందు నడిపేవాళ్ల వీపు తప్ప ఏమీ కనిపించవు. ముప్ఫయ్యేళ్లు ఎందరినో కట్టి దింపినవాడు, తను ఒక్కసారీ అలా పడుకోలేదు.

మొదటి రెండు మలుపులు బానే వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. నడుమ వాలు దగ్గర ఎండకి కరిగి పేరుకున్న మంచు ఉంది, గాజులా. అక్కడ ఎడమ కాలితో స్కీని వంచబోయింది. స్కీ వంగలేదు. మళ్లీ నొక్కింది. మోకాలు ఒప్పుకోలేదు, ఒళ్లు వెనక్కి వాలిపోయింది, అంతే, స్కీలు రెండూ ముందుకి దూసుకుపోయాయి. స్లెడ్జి ఆమెని వెనకనుంచి తోస్తోంది. మలుపు లేదు, ఏమీ లేదు, తిన్నగా వాగు మీదకి.

"పక్కకి! పక్కకి పడిపో!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె పిడులు వదల్లేదు. వదిలితే తను బతికిపోయేది, వాళ్ల నాన్న రాళ్ల మీదకి పోయేవాడు. ఒంటి బరువంతా ఒక పక్కకి విసిరింది. స్లెడ్జి గిర్రున తిరిగి ఒక మొద్దుకి కొట్టుకుని ఆగింది. అక్కణ్ణుంచి ఉమ్మేస్తే నీళ్లలో పడుతుంది.

నేను మంచులో పడుతూ లేస్తూ పరిగెత్తాను. బ్రిన్ మోకాళ్ల మీద కూర్చుని పట్టీలు విప్పబోతోంది. ఆర్లో ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎక్కడా విరగలేదు. పట్టీని పట్టుకున్న చేతులు నేను విడదీస్తే గానీ విడలేదు.

థాడ్ పైనుంచి దిగొచ్చాడు. బ్రిన్‌ని చూడలేదు. ఆర్లో పక్కన చతికిలబడ్డాడు.

"ఆర్లో, ఆఖరిసారి ఎక్కడ భయపడ్డావు?"

ఆ క్షణంలో నా మొగుణ్ణి చెంప పగలగొట్టాలనిపించింది. అడగడానికి సమయం సందర్భం ఉండక్కర్లా?

ఆర్లో మెడ తిప్పి పక్కన పారే నీళ్లని చూశాడు.

"ఇక్కడే. ఇప్పుడే."

"అంతకు ముందు?"

"అంతకు ముందు..." లేచి కూర్చున్నాడు. "పనిచేసినన్నాళ్లూ రా. ఏ రోజు చిమ్నీ పైన నించున్నా భయమే. ఎన్నిసార్లు చెట్టుచాటుకి పోయి కక్కుకున్నానో."

బ్రిన్ చేతులు ఆగిపోయాయి. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చిన్నప్పుడు ఓసారి అందరిముందూ అన్నావు, మా నాన్నకి భయమంటే తెలీదు అని. ఆ మాట బావుంది తల్లీ. పోగొట్టుకోబుద్ధి కాలేదు."

ఆ పిల్ల ఏడ్చింది. ఫిబ్రవరిలో మోకాలు విరిగినప్పుడు కూడా ఏడవలేదని ఊరంతా గొప్పగా చెప్పుకున్న పిల్ల, ముక్కు చీదుకుంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

"నా భయం చిమ్నీయే," అంది. "కొండెక్కే లిఫ్టులోంచి అది కనబడితేనే కళ్లు మూసేసుకుంటున్నా. ఈ కాలు సగం కూడా బలం రాలేదు. నీకు చెబితే... నువ్వు ఎలా చూస్తావోనని."

"ఎలా చూస్తాను? నా కూతుర్ని చూసినట్టే చూస్తాను," అన్నాడు ఆర్లో. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఏంటలా నించున్నావ్? ఆ మెత్తనివి పట్రా!" అని గసిరాడు. నిజానికి నాకు ఆ గసురు విని ప్రాణం లేచొచ్చింది.

బ్రిన్ మెత్తని జత మీద అదే వాలు దిగింది, ఖాళీ స్లెడ్జితో ఒకసారి, థాడ్‌ని పడుకోబెట్టి ఒకసారి. మెల్లగా, అంగుళం అంగుళం పక్కకి జారుతూ. చూడ్డానికి ఏ గొప్పా లేదు. షెడ్డులోకి వచ్చాక థాడ్ మళ్లీ డ్రిల్లు పట్టుకున్నాడు. "నొక్కనా?" అన్నాడు. బ్రిన్ తలూపింది. కొయ్యపొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ పైకొచ్చింది.

మర్నాడు చిమ్నీ అడుగున చలికి చెవులు ఊడిపోతున్నాయి. మేమిద్దరం కింద నించుని చూస్తున్నాం. పక్కనున్న దళంవాళ్ల రేడియోలో పైనుంచి గిల్ గొంతు వినిపించింది, స్లెడ్జిలో ఎవరు పడుకుంటారని అడుగుతున్నాడు. మామూలుగా కొత్తగా చేరినవాళ్లు ముందుకొస్తారు. ఆ రోజు ఒక్కరూ కదల్లేదట. ఫిబ్రవరి సంగతి అందరికీ తెలుసు, అందరూ తమ బూట్లు చూసుకున్నారట. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, కానీ నన్ను అడిగితే నేను మాత్రం పడుకునేదాన్నా?

ఆ తర్వాత ఆర్లో గొంతు వినిపించింది.

"జరగండి."

"నువ్వు దళంలో లేవు ఆర్లో," అన్నాడు గిల్.

"కాలు విరగ్గొట్టుకునేవాళ్లంతా దళంలోవాళ్లేనా? కట్టు."

థాడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. నిన్న వాగు ఒడ్డున ఆ ముఖం చూసినవాళ్లం బ్రిన్ కాక మేమిద్దరమే. ఆ మనిషే మళ్లీ వెళ్లి స్లెడ్జిలో పడుకున్నాడు.

బ్రిన్ బయల్దేరింది. పరీక్షలో తొందరగా దిగాలన్న నియమం ఏమీ లేదు. స్లెడ్జి చెయ్యి దాటిపోకూడదు, లోపలి మనిషికి కుదుపు తగలకూడదు, అంతే. స్కీలు వంగి మంచుని పట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి, మళ్లీ పట్టుకుంటున్నాయి. ఫిబ్రవరిలో పడిన చోటు దగ్గరికి, రాళ్లు బాగా దగ్గరపడిన ఇరుకులోకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఆగి కదల్లేదు. పక్కన ఎవడో, "అయిపోయింది, వదిలేసింది," అని గొణిగాడు. నోర్ముయ్ అన్నాను. బ్రిన్ మెడ వెనక్కి తిప్పి స్లెడ్జి వైపు ఏదో అంది. స్లెడ్జిలోంచి ఏదో జవాబు.

ఆ తర్వాత ఎడమ స్కీ వంగింది. రాళ్ల మధ్యనుంచి మెల్లగా పక్కకి జారుతూ, ఒక్క కుదుపు లేకుండా ఆ పిల్ల వాళ్ల నాన్నని కిందికి తెచ్చి నా కాళ్ల ముందు ఆపింది.

వెనకే దిగొచ్చిన గిల్ స్లెడ్జి చుట్టూ తిరిగి చూశాడు. "సోమవారం ఏడింటికల్లా వచ్చెయ్. ఆలస్యమైతే ఊరుకోను," అన్నాడు. బ్రిన్ స్కీలు విప్పకుండానే మంచులో వెల్లకిలా పడిపోయి నవ్వుతోంది.

ఆర్లో పట్టీలు నేనే విప్పాను. ఈసారి చేతులు వదులుగానే ఉన్నాయి.

"మధ్యలో ఎందుకాగింది?" అని అడిగాను.

"భయమేస్తోందా నాన్నా అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"చచ్చేంత భయంగా ఉందన్నా. తనకీ అంతేనంది." మీసాల మీద మంచు తుడుచుకున్నాడు. "అక్కణ్ణుంచి హాయిగా దిగాం."