లోపలున్నవాళ్ళు సున్నా

జగన్నాథరావుగారిని గునపంతో కొట్టింది నేనే. పోలీసులకీ అదే చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. ఎందుకు కొట్టానో కూడా వినండి.

జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళొస్తాను. క్వారీలోకి దిగేవాళ్ళు గేటు దగ్గర కార్డు గీకుతారు, పైకొచ్చేటప్పుడు మళ్ళీ గీకుతారు. ఆ వివరాలన్నీ డేటాబేస్ సర్వర్‌లో పడతాయి. లోపల ఎంతమంది ఉన్నారో, మందు పేల్చేవాళ్ళు రాళ్ళు తగలకుండా నిలబడే షెల్టర్‌లో తెరమీద కనిపిస్తుంది. అక్కడ సున్నా చూశాకే మా బ్లాస్టర్ జగన్నాథరావుగారు రోజూ రెండింటికి మందు పేలుస్తారు.

ఆ సర్వర్ నడుస్తోందో లేదో నిమిషానికోసారి చూసే ప్రోగ్రాం నా గదిలో ఉంది. సర్వర్ ఆగితే కుయ్యిమని మోగేది. అది బ్లాస్టింగ్ సైరన్ అనుకుని కూలీలు రెండుసార్లు పని వదిలేసి పరుగెత్తారు. జగన్నాథరావుగారికి తిక్కరేగి స్పీకరు వైరు కోయించారు. పది నిమిషాలకోసారి నువ్వే చూసుకోమ్మా అన్నారు. చూసుకుంటూనే ఉన్నాను, ఆ ఒక్కరోజు తప్ప. అన్నం తింటూ కూర్చున్నాను, నా ఖర్మ.

రెండింటికి పది నిమిషాలుందనగా చూస్తే ఎర్రగుర్తు వెలుగుతోంది. సర్వర్ ఒంటిగంటా పదికే ఆగిపోయింది. అప్పటికి అందరూ భోజనాలకి పైకొచ్చేశారు కాబట్టి తెరమీద ఆ సున్నాయే నిలిచిపోయింది. కానీ ఒకటిన్నరకి మెకానిక్ ఫ్రాన్సిస్ కార్డు గీకి దిగడం నేను కళ్ళారా చూశాను. అడుగున నీళ్ళు తోడే మోటారు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. ఆ మోటారు రొదలో సైరన్ కూడా వినపడదు.

సిగ్నల్‌కి మందు పేలొచ్చని షెల్టర్ దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. చెప్పులు వదిలేసి పరుగెత్తాను. సగం దారిలో ఉండగానే సైరన్ మొదలైంది.

"ఆపండి సార్, ఫ్రాన్సిస్ లోపలున్నాడు."

ఆయన తెర చూపించారు. సర్వర్ చచ్చిందని, అది పాత సున్నా అని చెప్పాను. తెలంగాణ వైపు నుంచి ఉరుములొస్తున్నాయి, పిడుగు పడితే మందు దానంతటదే పేలుతుంది, అడ్డు లెమ్మన్నారు. చెయ్యి పట్టుకుంటే చెంప పగలగొట్టారు. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. మళ్ళీ మీదపడితే జుట్టు పట్టుకుని గోడకేసి బాదారు. నా కళ్ళు బైర్లు కమ్మాయి. ఆయన చెయ్యి మందు పేల్చే పెట్టె మీట మీదకు పోవడం మాత్రం కనిపించింది. మూలనున్న గునపం అందుకుని మణికట్టు మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అయినా ఆయన ఆగలేదు. మోకాలి మీద ఇంకోటి వేశాను. కిందపడ్డారు. పెట్టెకున్న తీగలు పీకేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అరుపులు విని వచ్చిన గేటు కాపలా మనిషి వెళ్ళి పిలిస్తే ఫ్రాన్సిస్ పైకొచ్చాడు. నెత్తుట్లో పడున్న పెద్దాయన్ని చూసి నామీదకే వచ్చాడు.

"పెద్దాయన్ని ఇట్టా కొడతావా? అసలు మనిషివేనా?" అంటూ చెయ్యెత్తాడు.

జగన్నాథరావుగారు ఫ్రాన్సిస్‌నే చూస్తున్నారు.

"నువ్వెప్పుడు దిగావురా?"

"ఒకటిన్నరకండి. కార్డు గీకే దిగా."

ఆయన తెరమీది సున్నా వైపోసారి చూశారు. ఎడమచెయ్యి నా ముందుకు చాపారు.

"ఇది కూడా విరగ్గొట్టమ్మా," అన్నారు.