పడవవాడి గుండీ

పళ్ళెంలో గుండీల్ని వేళ్ళతో పల్చగా పరిచి, పెద్దమ్మ గొంతు సవరించుకుంది. నిన్న సాయంత్రం ఈ బల్ల దగ్గర్నుంచి లేచాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ ఇంతే. అందుకే ప్రతి పొద్దునా ఆ గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా ఒకసారి కిర్రుమని, ఆ తర్వాతే తెరుచుకుంటుంది.

"ఎక్కడ ఆపాను?"

ఎక్కడ ఆపిందో ఆమెకు బాగా తెలుసు. ఎవరైనా జవాబు చెబుతారని అడుగుతుంది.

"ఇంకెక్కడ, నీళ్ళలోనే!" అంది ఎదురుగా కూర్చున్న నవ్వులమ్మ. మాట కంటే ముందు నవ్వు వస్తుందని ఆమెకు ఆ పేరు. "వాణ్ణి పడవెక్కించి నెల రోజులైంది పెద్దమ్మా. పాపం, ఈపాటికి నానిపోయుంటాడు."

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ నవ్వారు. నవ్వుతున్నా చేతులు ఆగలేదు. చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఈ మూలగదికి ఒకటే పని. సంచుల్లో కలగలిసి వచ్చిన గుండీల్ని రంగు వారీగా ఏరి గిన్నెల్లో వెయ్యడం. కళ్ళూ వేళ్ళూ ఉంటే చాలు, చెవులకి పనిలేదు. ఆ ఖాళీ చెవుల్లో పెద్దమ్మ ఇరవై ఆరేళ్ళుగా కథలు పోస్తోంది. కథ నడుస్తుంటే చేతులు చురుగ్గా ఆడుతున్నాయని మేస్త్రి కూడా ఏమీ అనడు.

కథలో ఒక్కొక్కరికీ ఒక్కో గుండీ. కోటుకి కుట్టే పెద్ద గోధుమరంగు గుండీ పడవవాడి అక్క. అంచు పగిలిన తెల్లది వరదొచ్చిన ఏరు. ముదురు నీలం గుండీ పడవవాడు. బల్ల చెక్కలో ఒక గాడి ఉంది. చెబుతున్నంతసేపూ పెద్దమ్మ వాటిని ఆ గాడిలో అటూ ఇటూ జరుపుతుంది. సాయంత్రం తిరిగి గిన్నెల్లో వేసేస్తుంది. మర్నాడు అలాంటివే మళ్ళీ ఏరుకుంటుంది.

చలికాలం నుంచి ఆమెకు ముదురు నీలమూ నలుపూ ఒకటే అయిపోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నల్లవి నునుపు, నీలివి కాస్త గరుకు, వేలికి తెలుస్తుందిలే అని ధైర్యం చెప్పుకుంది. మేస్త్రికి తెలిస్తే ఇంటికి పొమ్మంటాడు. ఇల్లంటే ఒక గది, ఒక కిటికీ, ఒక కంచం. అక్కడ కథ చెబితే ఊఁ కొట్టేది కుళాయి చుక్క ఒక్కటే.

ఇవాళ్టి పడవవాణ్ణి ఏరి గాడిలో పెట్టింది.

"తెడ్డు వేస్తున్నాడు, వేస్తున్నాడు... ఏరు వెనక్కి తోస్తోంది. పదేళ్ళుగా వాడితో మాటల్లేని అక్క, అవతలి గట్టున..."

"అదేంటి పెద్దమ్మా," అంది నవ్వులమ్మ. "ఇవాళ పడవవాడు నల్లగా ఉన్నాడు?"

పెద్దమ్మ వేలు గుండీ మీదే ఆగిపోయింది. గుమ్మం దగ్గర మేస్త్రి సంచులు తూకం వేయిస్తున్నాడు.

"నెల్రోజులు ఎండలో తెడ్డేస్తే నల్లబడక తెల్లబడతాడా?" కుడిపక్క కూర్చున్న ఎడంచెయ్యి అందుకుంది. పని అంతా ఎడమ చేత్తో చేస్తుంది కాబట్టి ఆ పిల్లని అందరూ అలాగే పిలుస్తారు. "మీ ఆయనలా నీడపట్టున కూర్చుంటాడనుకున్నావా వదినా?"

గదంతా నవ్వు. కథ ముందుకు కదిలింది. కానీ ఎడంచెయ్యి జవాబు ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నట్టు రావడం పెద్దమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

టీ వేళ నవ్వులమ్మ అడిగింది. "నీకివన్నీ ఎలా తడతాయి పెద్దమ్మా? నేను మా ఇంట్లో చెబితే పిల్లలు నిద్రపోతారు."

"ముందొక మనిషి కావాలి. వాడికో చోటు ఉండాలి. వాడికి ఏదో ఒకటి కావాలి, మనసారా కావాలి. దానికో అడ్డు పెట్టాలి. అడ్డు లేకపోతే అది కబురే కానీ కథ కాదు."

"మరి ముగింపు?"

"అడ్డు తీసేస్తే అదే వస్తుంది. అందుకే నేను తియ్యను. తీస్తే రేపు మీరు దేనికోసం వస్తారు?"

"జీతం కోసం," అంది నవ్వులమ్మ. అందరితో పాటు పెద్దమ్మ కూడా నవ్వింది.

మధ్యాహ్నం ఆమె కథ చెబుతూనే తన గిన్నెల వైపు చెవి పెట్టింది. టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. ఓరగా చూసింది. మసకలో ఒక ఎడమ చెయ్యి తన నల్ల గిన్నెలోకి వచ్చి, ఏదో ఏరి, నీలం గిన్నెలో వదిలింది. మళ్ళీ వచ్చింది. అలవాటైన చెయ్యి అది. ఇవాళ కొత్తగా మొదలెట్టింది కాదు.

అప్పుడే మేస్త్రి వచ్చి ఎడంచెయ్యి వెనకాల నిలబడ్డాడు.

"నీ పళ్ళెం రోజూ వెనకబడుతోందేం? చలికాలం నుంచీ చూస్తున్నా. సోమవారం నుంచి ఆవిరి గదికి పో. అక్కడైనా చేతులు కదులుతాయేమో."

ఆవిరి గదిలో ఇస్త్రీ పెట్టెల మధ్య క్రితం నెల ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. ఎడంచెయ్యి తల వంచుకుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

మేస్త్రి మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. పెద్దమ్మ పగిలిన తెల్ల గుండీని గాడిలోంచి తీసేసింది.

"పడవ గట్టుకి తగిలింది."

"అదేంటి? ఏటికి వరదుందిగా?" అంది నవ్వులమ్మ.

"తగ్గింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

చేతులన్నీ ఆగాయి. పెద్దమ్మ నల్ల గుండీని నెమ్మదిగా జరిపి గోధుమరంగు గుండీ పక్కన ఆనించింది.

"అక్క తలుపు తీసింది. వాణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. తిన్నావా, అంది."

"అంతేనా? పదేళ్ళ తర్వాత అదా అడిగేది?" నవ్వులమ్మ మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది.

"అంతే."

"మరి పడవ?" అడిగింది ఎడంచెయ్యి.

"గట్టున కట్టేశాడు. ఇంక తెడ్డు వెయ్యలేడమ్మా."

ఎడంచెయ్యి ఆమె మొహంలోకి చూసింది. ఏదో అనబోయేలోగా గంట మోగింది.

అందరూ లేచాక పెద్దమ్మ పెద్ద గుండీని, పగిలిన గుండీని వాటి వాటి గిన్నెల్లో వేసింది. మూడోదాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నునుపో గరుకో తేలలేదు. ఎందులో వెయ్యాలో తెలియక గాడిలోనే వదిలేసి, మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

"నీలమూ నలుపూ తెలియట్లేదు బాబూ, చలికాలం నుంచి. నా పని కూడా ఆ పిల్లే చేస్తోంది. రేపట్నుంచి నేను రాను. దాన్ని ఆవిరి గదికి పంపకు."

మేస్త్రి చేతిలోని తాళాల గుత్తిని జేబులో వేసుకున్నాడు. "సరే," అన్నాడు. ఆమె గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అడిగాడు.

"పెద్దమ్మా, ఆ అక్క నిజంగా అంతే అందా?"

"అంతే బాబూ."

మర్నాడు పొద్దున ఆ గదిలో గుండీల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎడంచెయ్యి పక్క పీట ఖాళీగా ఉంది. గాడిలో గుండీ అలాగే ఉంది. అది నలుపని ఆరుగురికీ తెలుసు. అయినా సాయంత్రం గంట మోగేదాకా దాన్ని ఎవరూ నల్ల గిన్నెలో వెయ్యలేదు.